పారా ఎస్ఎఫ్ చేతిలో టావోరే ఎందుకు, అన్నిట్లో గొప్ప రైఫిల్ ఏది? – ఒక ఆర్మరర్ జవాబు

మీరు అడిగినవి ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. బీటెక్ మూడో ఏడు చదువుతూ సైన్యంలో ఆఫీసర్ కావడానికి రాసే సీడీఎస్ పరీక్షకి సిద్ధమవుతున్నారు, పారా స్పెషల్ ఫోర్సెస్‌లో (పారా ఎస్ఎఫ్), అంటే సైన్యపు పారాషూట్ కమాండోల్లో చేరాలని కోరిక. మనవాళ్ళు ఇంకా ఇజ్రాయెల్ రైఫిల్ టావోరే ఎందుకు పట్టుకుంటున్నారు, అమెరికా వాళ్ళలా హెచ్‌కే416 రైఫిల్ ఎందుకు లేదు, అసలు అన్నిట్లో గొప్ప రైఫిల్ ఏది, గేర్ అంతా కలిపి ఎంత బరువు, ఇప్పట్నుంచే ప్లేట్ క్యారియర్ (తూటాలు ఆపే పలకలు పెట్టుకునే జాకెట్) కొని వేసుకుని పరిగెడితే అలవాటవుతుందా. ఇవీ ప్రశ్నలు.

సూటిగా చెప్పేస్తాను. గొప్ప రైఫిల్ అంటూ ఒకటి లేదు. టావోర్ ఒక అవసరానికి చక్కగా సరిపోయింది కాబట్టి కొన్నారు. అదే దళంలో దాని పక్కనే అమెరికా రైఫిల్ ఎం4ఏ1 ఉంటుంది, ఏకే ఉంటుంది, మెషిన్‌గన్ ఉంటుంది. బరువు ముప్పై కిలోలకి తగ్గదు, మంచుకొండల్లో ఇంకా పెరుగుతుంది. ప్లేట్ క్యారియర్ మాత్రం కొనొద్దు, ఎందుకో చివర్లో చెబుతాను.

నేనెవరో కూడా చెప్పాలి. నేను కమాండోని కాదు. సైన్యంలో ఆయుధాలూ వాహనాలూ బాగుచేసే విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం అని ఉంది, జనం మిలటరీ మాధవరం అంటారు, ఇంటికొక ఫౌజీ ఉండే ఊరు. మాది దానికి దగ్గర్లోనే. ఇరవై రెండేళ్ళు చేసి 2019లో పెన్షన్ వచ్చేశాను. అందులో రెండు పోస్టింగులు ఎస్ఎఫ్ బెటాలియన్‌కి అటాచ్ అయి గడిచాయి. వాళ్ళు కొండల్లో ఏం చేసేవారో నేను చూడలేదు. తిరిగొచ్చాక వాళ్ళ ఆయుధాలు నా బల్ల మీదికి ఏ రూపంలో వచ్చేవో చూశాను. యూనిట్ లెక్కలు, ఎవరి దగ్గర ఎన్ని ఉంటాయన్నది ఇక్కడ రాయను. పరేడ్‌లో కనపడినవి, పత్రికల్లో వచ్చినవి, నా పని గురించి చెప్పగలిగినవి మాత్రమే రాస్తాను.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళకి నేను మూడు ప్రశ్నలు వేసేవాణ్ణి. ఎంత దూరం? ఎంత చోటు? ఎంత మోత? మోత అంటే మనకి రెండర్థాలున్నాయి గదా, మోసే బరువూ, చేసే చప్పుడూ. రెండూ లెక్కే. ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా ఏ తుపాకి మంచిదని అడగడం, పెళ్ళికా దినానికా అని చెప్పకుండా ఎంతమందికి వండాలి అని అడగడం లాంటిది.

ముందు చోటు సంగతి చూద్దాం, టావోర్ కథంతా అక్కడే ఉంది. మన సైన్యపు మామూలు రైఫిల్ ఇన్సాస్ పొడవు దాదాపు 96 సెంటీమీటర్లు. టావోర్ టీఏఆర్-21 పొడవు 72. రెండూ 5.56 ఎంఎం తూటాయే పేలుస్తాయి, బ్యారెల్ కూడా రెండిటికీ దాదాపు 46 సెంటీమీటర్లే. అంటే బ్యారెల్ కోసుకోకుండానే జానెడు పైగా పొడవు తగ్గింది. ఎలాగంటే, తూటాలుండే మేగజీన్‌నీ, తూటాని లోపలికి తోసే బోల్ట్‌నీ ట్రిగ్గర్‌కి వెనక్కి, భుజానికి ఆనించే బట్‌లోకి తోసేశారు. ఈ తీరుని బుల్‌పప్ అంటారు. హెలికాప్టర్ తలుపులోంచి దూకేవాడికి, పారాషూట్ పట్టీల మధ్య తుపాకి ఇరికించుకునేవాడికి, కశ్మీర్‌లో మట్టి ఇంటి మెట్లెక్కి గదిలోకి దూరేవాడికి ఆ జానెడే ప్రాణం. బ్యారెల్ పొట్టిదైతే తూటా వేగం పడిపోతుంది, మంట పెరుగుతుంది. ఇక్కడ ఆ నష్టం లేకుండా పొడవు తగ్గింది.

2000ల మొదట్లో మన సైన్యం ప్రత్యేక దళాల కోసం మూడు వేల పైచిలుకు టావోర్లకి ఇజ్రాయెల్‌కి ఆర్డరిచ్చింది. మొదట వచ్చినవి ఇక్కడి వాతావరణానికి కుదరక మార్పులు చేయించారు, పూర్తిగా చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. 2022 రిపబ్లిక్ డే పరేడ్‌లో పారాచూట్ రెజిమెంట్ కొత్త డ్రెస్సులో, చేతిలో టావోర్‌తో నడవడం మీరు టీవీలో చూసే ఉంటారు. దాని తమ్ముడు ఎక్స్95 ఇంకా పొట్టి, 33 సెంటీమీటర్ల బ్యారెల్‌తో మొత్తం 58 సెంటీమీటర్లే. నౌకాదళం కమాండోలు మార్కోస్ దగ్గరా, నక్సల్స్‌తో పోరాడే సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళం దగ్గరా కనిపించేది అదే.

ఇక దాని ఇబ్బందులు. బుల్‌పప్‌లో ట్రిగ్గర్ ముందు, తూటాని పేల్చే హేమర్ వెనక. మధ్యలో ఒక కడ్డీ ఉండి లాగాలి. అందుకని ట్రిగ్గర్ నొక్కితే మెత్తగా, చెరుకు ముక్క కొరికినట్టు ఉంటుంది, ఎం4 ట్రిగ్గర్‌లా టక్కున తెగదు. మేగజీన్ మార్చాలంటే చెయ్యి చంక కిందికి పోవాలి. పడుకుని, ఒంటి నిండా పౌచులు కట్టుకుని ఉన్నప్పుడు అది అంత తేలిక కాదు. ఎడమచేతివాటం వాడు ఎడమ భుజానికి ఆనిస్తే, పేలిన ఖాళీ కేసు కుడివైపు కిటికీలోంచి ఎగిరి నేరుగా వాడి చెంపకే వస్తుంది. దీనికి ఎడమచేతి బోల్ట్ విడిగా దొరుకుతుంది, కిటికీ కూడా అటు మార్చుకోవచ్చు. కానీ అప్పుడా తుపాకి ఇంకొకడి చేతికి పనికిరాదు. మా కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అలా మార్చిన రైఫిళ్ళకి బట్ నంబర్ పక్కన పెద్ద అక్షరాలతో గుర్తు రాసేవాళ్ళం.

మీరు వినని సంగతి ఒకటుంది. టావోర్ పుట్టిన ఇజ్రాయెల్‌లోనే చాలా ప్రత్యేక దళాలు ఎం4ని వదల్లేదు. అలవాటు, తేలికైన ట్రిగ్గర్, మీద ఏం కావాలన్నా బిగించుకునే వీలు, ఇవీ కారణాలు. మనవాళ్ళలో కూడా కొందరు టావోర్ ఇస్తే ఎం4 అడిగేవారు, ఎం4 ఇస్తే టావోర్ అడిగేవారు. నేను ఇద్దరికీ "ముందు ఉన్నదాన్ని శుభ్రం చేసి తీసుకురండి" అనేవాణ్ణి.

హెచ్‌కే416 విషయానికొద్దాం. జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోక్, అమెరికా సైన్యపు ప్రత్యేక దళం డెల్టా ఫోర్స్ సలహాలతో దాన్ని తయారుచేసింది. 2011లో బిన్ లాడెన్‌ని చంపిన అబోటాబాద్ దాడిలో అమెరికా నౌకాదళ కమాండోలు సీల్స్ చేతిలో ఉన్నది అదేనని రాశారు. ఎం4లో పేలిన గ్యాసు సన్నటి గొట్టంలోంచి నేరుగా బోల్ట్ క్యారియర్‌లోకి వచ్చి దాన్ని వెనక్కి తోస్తుంది, మసి అంతా అక్కడే పేరుకుంటుంది. 416లో గ్యాసు ముందే ఒక పిస్టన్‌ని కొడుతుంది, ఆ పిస్టన్ క్యారియర్‌ని తోస్తుంది. బ్యారెల్ పొట్టిగా ఉండి, చప్పుడు అణిచే సప్రెసర్ కూడా తగిలించి, రోజూ వందల తూటాలు పేల్చేవాడికి ఆ తేడా తెలుస్తుంది. అయితే ఒక్కటి గమనించండి. నార్వే, ఫ్రాన్స్ ఇదే రైఫిల్‌ని మామూలు సిపాయిలకి ఇస్తున్నాయి. అమెరికాలో ఎం4 మామూలు సైన్యానిదీ, ప్రత్యేక దళాలదీ. బ్రిటన్ ప్రత్యేక దళం ఎస్ఏఎస్ వాడే సీ8 కెనడాలో తయారైన, అదే ఎం4 కుటుంబపు తుపాకి. అంటే స్పెషల్ ఫోర్సెస్ తుపాకి అని విడిగా ఒక జాతి లేదు. ఉన్నవాటిలోంచే తీసుకుని, మీద బిగించేవి మారుస్తారు, మనిషికి సరిపోయేలా సర్దుతారు, లెక్కలేనన్ని తూటాలు పేల్చి అలవాటు చేసుకుంటారు. ఆ మూడో సంగతి నాకు బ్యారెల్ చూస్తేనే తెలిసిపోయేది. మామూలు పల్టన్ రైఫిల్ ఎన్నేళ్ళు వాడినా చాంబర్ ముందు భాగం, మేం గొంతు అంటాం, నిగనిగలాడుతూ ఉంటుంది. వీళ్ళవి కొద్దికాలానికే ఎండిన చెరువులా నెర్రెలు బారి వచ్చేవి.

ఏకే సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కశ్మీర్‌లో సగం కథ దానిదే. 7.62×39 తూటా, నెమ్మదిగా వెళ్తుంది కానీ బరువైనది, ఆకులూ కొమ్మలూ పలచటి తలుపులూ అడ్డొచ్చినా త్వరగా చెదరదు. ధూళి పడినా, నాలుగు రోజులు తుడవకపోయినా పేలుతుంది. అందుకే టావోర్ ఉన్న మనిషి కూడా ఒక్కో పనికి ఏకే ఇమ్మని అడుగుతాడు. చెక్ దేశపు వీజెడ్58 కూడా మన ప్రత్యేక దళాల దగ్గర కనిపిస్తుంది. చూడ్డానికి ఏకేలా ఉన్నా లోపల వేరే యంత్రం, దాని మేగజీన్ ఏకేకి పట్టదు, ఏకేది దానికి పట్టదు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు రెండూ కలిపేసి ఒకే పెట్టెలో పెట్టాడు. ఫైరింగ్‌కి వెళ్ళబోయే ముందు విడదీయడానికి ముగ్గురం కూచున్నాం.

మోత, మొదటి అర్థం. ఒక 5.56 తూటా దాదాపు 12 గ్రాములు. 7.62×39 అయితే 16–17 గ్రాములు. ఎస్ఐజీ716 రైఫిల్ వాడే 7.62×51 దాదాపు 24 గ్రాములు. ఒక మనిషి ఏడు మేగజీన్లు, అంటే 210 తూటాలు మోస్తాడనుకుందాం. మేగజీన్ల బరువు పక్కన పెట్టినా మొదటిదానికి రెండున్నర కిలోలు, రెండోదానికి మూడున్నర, మూడోదానికి ఐదు. 2019లో సైన్యం 72,400 ఎస్ఐజీ716లు కొనడానికి ఒప్పందం చేసుకుంది. దెబ్బ గట్టిగా తగలాలి, దూరం పోవాలి అనేవాళ్ళకి అది మంచిదే. కానీ మూడు రోజులు నడిచి వెళ్ళి కొట్టి రావాల్సినవాడు ఆ రెండున్నర కిలోల తేడాని నీళ్ళుగా లెక్కేసుకుంటాడు. రెండున్నర లీటర్లు!

ఒకసారి సరదాకి రేషన్ స్టోర్ కాటా మీద ఒక హవల్దార్ సామానంతా ముక్కముక్కగా తూచాం. గురి చూసే సైట్, లేజర్, స్లింగ్‌తో కలిపి రైఫిల్ నాలుగు దాటింది. నిండు మేగజీన్లు మూడున్నర. ప్లేట్లతో జాకెట్ పది దగ్గర. హెల్మెట్ ఒకటిన్నర, దానికి నైట్ విజన్ తగిలిస్తే రెండు దాటింది. నీళ్ళు నాలుగు లీటర్లు. రేడియో, దాని బ్యాటరీలు. గ్రెనేడ్లు. తాడు, మందుల సంచి, తిండి, పడుకునే సంచి. ముప్పై మూడు దగ్గర ముల్లు ఆగింది. ఆయన నవ్వి, "ఉస్తాద్, అభీ తో రాకెట్ కా గోలా బాకీ హై" (ఇంకా రాకెట్ గోలా మిగిలే ఉంది) అన్నాడు. నిజమే, కార్ల్ గుస్తాఫ్ రాకెట్ లాంచర్ గోలా ఒక్కొక్కటి మూడు కిలోలకి పైమాటే, దళంలో అందరూ పంచుకుని మోయాలి. ఆ లాంచర్ పాత మార్క్-2 దాదాపు పద్నాలుగు కిలోలుండేది, మార్క్-3 పదికి తగ్గింది, మార్క్-4 ఏడు లోపే. నన్నడిగితే ఈ పాతికేళ్ళలో ఎస్ఎఫ్ వాడికి జరిగిన అసలు మేలు కొత్త రైఫిల్ కాదు, ఈ లాంచర్ బరువు తగ్గడమే.

జాకెట్ల దగ్గర మన ఊరి పేరు చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహాల సంస్థ మిధాని, భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) వాళ్ళ పరిజ్ఞానంతో భాభా కవచ్ అనే బులెట్‌ప్రూఫ్ జాకెట్ తయారుచేస్తుంది. బరువు తొమ్మిది కిలోల పైచిలుకు. ఉక్కు మొన ఉన్న ఏకే తూటాని ఆపాలంటే ఆ మాత్రం ప్లేటు ఉండాలి. మా రోజుల్లో తలకి పట్కా ఉండేది, నుదుటికీ వెనక్కీ ఇనప పలకలు పెట్టి గుడ్డతో కట్టేది, రెండున్నర కిలోలు. మెడ నరాలు లాగేసేది, నడినెత్తికి కాపుదల ఉండేది కాదు. కానీ నుదుటి మీద ఏకే తూటాని ఆపేది, అందుకని దాన్ని తిట్టుకుంటూనే కట్టుకునేవారు. హైదరాబాద్‌లోనే లోకేష్ మెషీన్స్ తయారుచేసే అస్మి అనే 9 ఎంఎం మెషిన్ పిస్టల్ 550 కావాలని 2024లో సైన్యం ఆర్డరిచ్చింది. పుణేలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఆర్‌డీఈ, సైన్యం కలిసి రూపొందించారు. దాన్ని నేను చేత్తో పట్టుకోలేదు కాబట్టి ఎక్కువ చెప్పను.

మోత, రెండో అర్థం. సినిమాల్లో సైలెన్సర్ పెడితే 'పిచిక్' మంటుంది. అది అబద్ధం. మేం సప్రెసర్ అంటాం, అంటే అణిచేది, ఆపేది కాదు. గొట్టం చివర బయటపడే గ్యాసుని గదులు గదులుగా తిప్పి చల్లార్చి వదులుతుంది, అంతే. తూటా శబ్దం కన్నా వేగంగా పోతున్నప్పుడు గాలిని చీలుస్తూ కొరడా దెబ్బలా చప్పుడు చేస్తుంది, దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు. మరి ఎందుకు పెట్టుకుంటారంటే, ఎక్కణ్ణించి కొట్టారో అవతలివాడికి తెలియదు, రాత్రి మంట కనపడదు, గదిలో పేల్చినా పక్కవాడి మాట వినపడుతుంది. నిజంగా మెల్లగా ఉండాలంటే శబ్దం కన్నా నెమ్మదిగా పోయే తూటా కావాలి, దానికి 9 ఎంఎం ఎంపీ5 సబ్‌మెషిన్‌గన్ లాంటివి ఉన్నాయి, కానీ దూరం పోవు. ఇంకో బాధ ఉంది. సప్రెసర్ పెడితే గ్యాసు వెనక్కి తన్నుతుంది, లోపల మసి రెండింతలవుతుంది. బుల్‌పప్‌లో ఆ కిటికీ బుగ్గ పక్కనే కాబట్టి కళ్ళు మండుతాయి. ఫైరింగ్ నించి వచ్చినవాళ్ళ ముఖం చూసి ఎవరు సప్రెసర్‌తో కొట్టారో చెప్పేసేవాణ్ణి, పొయ్యి ఊదిన మొహాలు.

ఇప్పుడు నా అసలు పని గురించి. తుపాకి మీద బిగించేవాటి దగ్గరే సగం కథ చెడుతుంది. ఒక కుర్రాడు వచ్చి "ఉస్తాద్, గోలీ బాయీఁ జా రహీ హై" (తూటా ఎడమకి పోతోంది) అన్నాడు. నిన్నటిదాకా వంద మీటర్లలో అరచేతిలో పట్టే గ్రూపింగ్ వేసినవాడు, ఇవాళ తూటాలు జానెడు ఎడమకి పోతున్నాయి. బ్యారెల్ చూశాను, బాగుంది. బోల్ట్ బాగుంది. చివరికి సైట్ మౌంట్ నట్టు మీద వేలు పెడితే వెంట్రుకవాసి కదిలింది. నాలుగు రోజులు జీప్‌లో ఎగిరెగిరి వదులైంది. అప్పట్నుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. జీరోయింగ్ అయ్యాక ప్రతి నట్టు మీంచి కింది లోహం మీదికి ఒక సన్నటి ఎర్ర గీత గీసేవాణ్ణి. నట్టు పిసరంత తిరిగినా గీత విరిగినట్టు కనపడుతుంది, చీకట్లో టార్చి వేసి అరసెకనులో చూసుకోవచ్చు. ఆ ఎర్ర రంగు ఏంటనుకున్నారు? కంటోన్మెంట్ బజార్లో కొన్న గోళ్ళరంగు. ఒకేసారి ఆరు సీసాలు ఒకే రంగువి అడిగితే దుకాణంవాడు "మేడమ్‌కి అంత ఇష్టమా" అన్నాడు. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ "నాకు ఒక్కటీ కొనలేదు" అంది.

జీరోయింగ్ అంటే మీకు తెలిసే ఉంటుంది, సైట్ చూపే చోటికే తూటా తగిలేలా సర్దడం. ఇందులో కొత్తవాళ్ళు ఒకటి మర్చిపోతారు. ఎం4 మీద సైట్ గొట్టానికి ఆరేడు సెంటీమీటర్ల పైన ఉంటుంది. దూరంలో ఆ తేడా కలిసిపోతుంది కానీ ఐదు మీటర్లలో తూటా మీరు చూసిన చోటికి ఆరు సెంటీమీటర్లు కిందే తగులుతుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, గోడ మీంచి తొంగి కొట్టేటప్పుడు సైట్‌లో అంతా ఖాళీగా కనపడుతుంది, గొట్టం మాత్రం గోడకే ఎదురుగా ఉంటుంది. మా రేంజ్‌లో ఒక మంచి షూటరే ఇసక బస్తా మీంచి కొట్టబోయి బస్తానే కొట్టాడు, ఇసకంతా కళ్ళల్లో పడింది. కళ్ళకి అడ్డం లేదు, గొట్టానికి ఉంది. ఆ రోజు వాడి గురించి నవ్వినవాళ్ళలో ఇద్దరు వారంలోపే అదే పని చేశారు.

రాత్రి వేళ సంగతి వేరు. హెల్మెట్‌కి నైట్ విజన్ తగిలించుకున్నవాడు తుపాకి సైట్‌కి కన్ను ఆనించలేడు, మధ్యలో గొట్టం అడ్డం. అందుకని తుపాకి మీద ఇన్‌ఫ్రారెడ్ లేజర్ ఉంటుంది. మామూలు కంటికి కనపడదు, నైట్ విజన్‌లో మాత్రం పచ్చటి దారంలా కనపడుతుంది. ఆ దారం ఎక్కడ ఆనితే అక్కడికి తూటా. చాలా బాగుంటుంది, అవతలివాడి దగ్గర కూడా నైట్ విజన్ లేనంతవరకే. ఉంటే ఆ దారం రెండో కొసన ఎవరున్నారో వాడికీ తెలుస్తుంది. అందుకే వేలు నొక్కినంతసేపే వెలిగేలా స్విచ్ పెడతారు.

వీటన్నిటికీ బ్యాటరీ కావాలి. చలిలో బ్యాటరీ చస్తుంది. పైన పౌచులో పెట్టుకున్నవి తెల్లారేసరికి సున్నా, బనీను లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్నవి నిక్షేపం. ఇది పుస్తకంలో ఒక్క లైనుంటుంది, కొండ మీద అదే పెద్ద పాఠం. తుపాకి కూడా అంతే. బయట మైనస్‌లో ఉన్న రైఫిల్‌ని బుఖారీ (చలిపొయ్యి) వెలిగించిన బంకర్‌లోకి తెస్తే, చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసుకి పట్టినట్టు లోపలంతా చెమట పడుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఆ చెమట గడ్డకట్టి బోల్ట్ కదలదు. చలి ఊళ్ళో తుపాకిని గుడ్డ చుట్టి బయటే ఉంచాలి, నూనె తుడిచీ తుడవనట్టు పలచగా రాయాలి. రాజస్థాన్‌లో మళ్ళీ ఇంకో లెక్క, అక్కడ నూనె ఎక్కువైతే దుమ్ము కలిసి గంధంలా అవుతుంది. కార్గిల్‌లో ఇన్సాస్ ప్లాస్టిక్ మేగజీన్లు చలికి పగిలాయని మీరు చదివే ఉంటారు. అది ఇన్సాస్‌ని మాత్రమే తిట్టే సంగతి కాదు, ఏ సామానైనా ఎక్కడ పుట్టిందో చూసి తర్వాత ఎక్కడికి తీసుకెళ్తున్నామో చూడాలి.

దూరం గురించి కొద్దిగా. మామూలు పల్టన్‌లోనూ ఉండే డ్రగునోవ్‌ని జనం స్నైపర్ రైఫిల్ అంటారు, నిజానికి అది దళంతో పాటు నడిచే మంచి షూటర్ తుపాకి. ఎస్ఎఫ్‌లో గలిల్ స్నైపర్ ఉంది, ఇంకా దూరానికి .338 లపువా మాగ్నమ్ తుపాకులు, వాహనాలూ, రాళ్ళు పేర్చి కట్టిన సంగర్లూ (కాపు గోడలు) కొట్టడానికి .50 బారెట్. నియంత్రణ రేఖ దగ్గరికి ఫిన్లాండ్ సాకో టీఆర్‌జీ-42 వచ్చింది, నేను దిగిపోయాక. స్నైపర్ తుపాకి చూపించమని అడిగేవాళ్ళు చాలామంది, స్నైపర్ నోట్‌బుక్ చూపించమని ఒక్కడూ అడగడు. ఏ గాలికి, ఏ ఎత్తుకి, ఏ చలికి తూటా ఎంత తప్పిందో చేత్తో రాసుకున్న పుస్తకం అది. నా దగ్గరికి తుపాకి రిపేరుకి ఇచ్చేవారు గానీ ఆ పుస్తకం జేబులోంచి తీసేవారు కాదు.

గ్రేహౌండ్స్ గురించి కింద ఇంకొకరు అడిగారు. వాళ్ళు అడవుల్లో నక్సల్స్‌తో పోరాడే పోలీసు దళం, మిలటరీ కాదు. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ గారు మొదలుపెట్టారు. పని అడవిలో నడక, కొండ చరియ మీద నెమ్మది, కాబట్టి గేర్ లెక్క కూడా వేరు. పారా ఎస్ఎఫ్‌తో పోల్చడం కుదరదు.

గేర్ మొత్తంలో నేను ఒక్కటే ఎంచుకోమంటే తుపాకి పక్కన పెట్టి టూర్నికే ఎంచుకుంటాను. కాలికో చేతికో తగిలి రక్తం చిమ్ముతున్నప్పుడు బిగించే పట్టీ. దళంలో అందరికీ అది ఒకే చోట ఉండాలి, చీకట్లో పక్కవాడి ఒంటి మీద తడిమితే దొరకాలి. నైట్ విజన్ పౌచు చోటు గురించి గంటలు వాదించుకున్నవాళ్ళు దీని దగ్గర మాత్రం ఎదురు మాట్లాడేవారు కాదు.

ఇక ప్లేట్ క్యారియర్. ఆన్‌లైన్‌లో మూడు వేలకి దొరికేది గుడ్డ సంచి, అందులో వేసే ప్లేట్లు ఇనప రేకులు. భుజాల మీద సరిగా కూర్చోదు, పరిగెడుతుంటే ఎగిరెగిరి పడుతుంది, మోకాళ్ళకీ నడుముకీ దెబ్బ. ఇరవై ఏళ్ళకే మోకాలి గుజ్జు పాడు చేసుకుని మెడికల్ పరీక్షలో తప్పినవాణ్ణి ఒకణ్ణి ఎరుగుదును, మా ఊరి వాడే. సైన్యం కొత్త డ్రెస్ ప్యాటర్న్ కూడా కొనొద్దు, దానికి హక్కులు రిజిస్టర్ అయి ఉన్నాయి, బయట వేసుకు తిరిగితే అనవసరపు తలనొప్పి. మీరు ముందు ఐఎంఏలో (డెహ్రాడూన్ మిలటరీ అకాడమీ) గట్టెక్కాలి, ఆ తర్వాత వాలంటీర్ కావాలి, ప్రొబేషన్ దాటాలి, అప్పుడు పారా వాళ్ళ టోపీ, మెరూన్ బెరె. ఆ దారిలో ఎవ్వరూ మీ చేతికి మొదట టావోర్ ఇవ్వరు, ఎక్కువసార్లు ఒక దుంగ ఇస్తారు.

ఆ మూడు వేలతో మంచి బూట్లు కొనుక్కోండి, సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సరైన సైజు తెలుస్తుంది. మందపాటి ఊలు సాక్సు దుకాణానికి వెంట తీసుకెళ్ళి వేసుకుని చూడండి. రోజూ పరుగు. వారానికి ఒక రోజు పిట్టు సంచిలో పది కిలోల బియ్యం వేసుకుని నడక, పరుగు కాదు. నెలకి రెండు కిలోలు మించి పెంచొద్దు. బియ్యం ఎందుకంటే, ఒంటికి తగ్గట్టు సర్దుకుంటుంది, ఇటుకల్లా వీపుని పొడవదు. మోకాలు నొప్పి మొదలైతే ఆ వారం ఆపేసి, ఎక్కడ నొప్పో, మెట్లెక్కేటప్పుడా దిగేటప్పుడా అని ఇక్కడే రాయండి.